ఇంకొకరి తల మీద మా వదిన జుట్టు

బొంబాయి నుంచి వచ్చిన మోడల్ తలకు చుట్టుకున్న చున్నీ తీయగానే మా శేఠ్ నోట్లోని పాన్ మింగేశాడు. పొలమారింది. నేను లేచి గ్లాసుతో నీళ్ళు అందించాను గానీ, నా కళ్ళు కూడా ఆ అమ్మాయి తల మీద నుంచి కదలలేదు. పోయిన ఏడాది నడుము దాకా ఉన్న జుట్టు ఇప్పుడు చెవుల దగ్గరే ఆగిపోయింది. ఏదో షాంపూ ప్రకటన కోసం కత్తిరించారట. "ముందే చెప్పాలి కదా" అని శేఠ్ హిందీలో మొత్తుకుంటే, "మీరు అడగలేదు కదా" అని ఆమె చిన్న అద్దం తీసుకుని బొట్టు సరిచేసుకుంది.

అప్పుడు తొంభైలు ముగింపుకొస్తున్నాయి. సూరత్ రింగ్ రోడ్‌లో ఒక పెద్ద బట్టల మార్కెట్ పై అంతస్తులో ఉండేది మా శేఠ్ దుకాణం. మేం చీరలు అమ్మేవాళ్ళం కాదు. చీరతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టే ఫోటో ఉంటుంది చూడండి, అందమైన అమ్మాయి ఆ చీరే కట్టుకుని నవ్వుతూ నిలబడిన ఫోటో, అది తయారుచేసేవాళ్ళం. నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పదో తరగతి తర్వాత నేర్చుకున్న కోర్సు ఆ ఉద్యోగం ఇప్పించింది. మా కాలనీలో మగ్గం పనికి పోని మొదటి ఆడపిల్లను నేనే.

నా పని ప్రధానంగా కత్తిరించడం. ఫోటోలో మోడల్ వెనక ఉన్న తెరను తీసేసి, ఆమెను రాజమహల్ ముందో గులాబీ తోటలోనో నిలబెట్టాలి. చీర అంచులు సులువు. చేతులు, ముఖం ఇంకా సులువు. ప్రాణం తీసేది జుట్టు. బొమ్మను పెద్దది చేసి చూస్తే నల్లటి జుట్టుకీ వెనక తెరకీ మధ్య గీత అంటూ ఏదీ ఉండదు. గుంపులోంచి తప్పించుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ గాలిలో ఒక్కో దారి పట్టి ఉంటాయి. తొందరపడి గుండ్రంగా కత్తిరిస్తే మనిషి తల మీద కుండ బోర్లించినట్టు ఉంటుంది.

ఆ రోజు శేఠ్ నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి విగ్గు తెప్పించాడు. దాన్ని పెడితే ఆ అమ్మాయి తల మీద గోనెసంచి ఎండేసినట్టుంది. దీపావళి సరుకు ప్రింటుకు వెళ్ళాలి. చీర డిజైన్ అంతా వీపు మీద పడే పైట మీదే ఉంది. మోడల్ పక్కకు తిరిగి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ, పైట పక్కగా పొడవాటి జుట్టు వదిలేసి నిలబడాలన్నది వ్యాపారి కోరిక. శేఠ్ కాసేపు తల పట్టుకుని, హఠాత్తుగా నా వైపు తిరిగాడు.

"బెన్, తుమ్ మద్రాసీ లోగోం కే బాల్ లంబే హోతే హై న?"

బెన్ అంటే అక్కడ చెల్లెమ్మా అని పిలవడం. ఆయన దృష్టిలో వింధ్య దాటిన వాళ్ళందరూ మద్రాసీలే. మీ వాళ్ళ జుట్టు పొడుగ్గా ఉంటుంది కదా, ఎవరినైనా తీసుకురా, వెనక నుంచి ఫోటో తీద్దాం, జుట్టు తీసి ఈ అమ్మాయికి పెట్టు అన్నాడు. ముఖం పడదన్నాడు. వచ్చిన మనిషికి మంచి చీర పెడతానన్నాడు.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా వదిన.

మేం సూరత్ బయట జోల్వాలో ఉండేవాళ్ళం. అన్న పనిచేసే మరమగ్గాల షెడ్డు వెనకే వరుసగా కట్టిన గదుల్లో మాదొకటి. అమ్మ, అన్న, వదిన, నేను. సిరిసిల్ల దగ్గరి ఊరు మాది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాన్న పోతే అన్న మమ్మల్ని ఇక్కడికి తెచ్చాడు. వదిన పెళ్ళై వచ్చినప్పటి నుంచీ అదే షెడ్డులో మిషన్ మీద మగ్గాలకు దారం కండెలు చుట్టేది. మిషన్ దగ్గర జుట్టు వదులుగా ఉంటే ప్రమాదం కాబట్టి పొద్దున లేవగానే నూనె రాసి, బిగించి, ఇంత ముడి వేసి, దాని మీద కొంగు చుట్టేది. అన్న డ్యూటీకి పోయాక తలస్నానం చేసి, సగం ఆరిందో లేదో మళ్ళీ ముడి వేసేసేది. నేనూ ఆ ముడినే చూశాను. లోపల ఎంత ఉందో ఎప్పుడూ ఆలోచించలేదు, పెద్ద ముడి కాబట్టి పొడుగు జుట్టే అయివుంటుందనుకున్నానంతే.

"నా మొకం పడదు గదా?" అని రెండుసార్లు అడిగింది వదిన.

"పడదు వదినా. వీపు, ఎంటికలు, అంతే."

"మీ అన్నకు జెప్పాల్నా?"

"మొకమే లేని ఫోటోకు చెప్పేదేముంది?"

ఆమె నవ్వింది. "పా పోదాం. నేను సూరత్ బజారు జూసి ఎన్నొద్దులాయె."

స్టూడియోలో లేత రంగు తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. వదిన పిన్నులు ఒక్కొక్కటీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముడి విప్పి, లేచి నిలబడి, తల ఒకసారి విదిలించింది. ఫోటోగ్రాఫర్ పెద్దాయన, ఎన్నో పెళ్ళిళ్ళు చూసినవాడు, కెమెరా వదిలేసి "అరే బాప్ రే" అన్నాడు. నా చేతిలోని దువ్వెన జారి కింద పడింది. జుట్టు నడుము దాటి, తొడలు దాటి, మోకాళ్ళను అందుకుంది. ఒకే గదిలో ఇన్నేళ్ళుగా నా పక్క చాప మీద పడుకున్న మనిషి ఈమేనా అనిపించింది. ఆయన టేబుల్ ఫ్యాన్ తెచ్చి పక్కన పెట్టాడు. జుట్టు లేచింది. వదిన వెనక్కి తిరిగి ఉన్నా, నవ్వాపుకోలేక ఆమె భుజాలు కదులుతుండటం నాకు కనిపించింది.

ఆ బొమ్మను స్కాన్ చేసి తెర మీదికి తెచ్చాక నా అసలు పని మొదలైంది. ఫ్యాన్ గాలికి ఎగిరిన జుట్టు కదా, ప్రతి కొసా విడిపోయి ఉంది. అప్పటి సాఫ్ట్‌వేర్‌లో తప్పు చేస్తే ఒక్క అడుగే వెనక్కి వెళ్ళే వీలుండేది. ఆ ఒక్కటీ దాటితే మళ్ళీ మొదటి నుంచీ చేసుకోవాల్సిందే. బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలుగా ఉంటాయి. మూడింటినీ విడివిడిగా చూసి, జుట్టూ తెరా బాగా విడిపోయి కనిపించే పొరను ఎంచుకోవాలి. నాకు నీలం పొర దొరికింది. దానికి ఒక నకలు తీసి, నలుపును ఇంకా నలుపు, తెలుపును ఇంకా తెలుపు చేసుకుంటూ పోయాను. మరీ ఎక్కువ చేస్తే సన్నటి వెంట్రుకలు మాయమవుతాయి. తక్కువ చేస్తే తెర మురికిలా అంటుకుని వస్తుంది. అది కుదిరాక ఆ నకలునే ముసుగులా వాడి జుట్టును ఎత్తాను. అంచుల్లో మిగిలిన లేత రంగును చిన్న బ్రష్‌తో నల్లబరిచాను. గాలిలో ఒంటరిగా పోయిన వెంట్రుకల్ని మౌస్‌తో ఒక్కొక్కటిగా గీశాను.

బాగా దగ్గరగా చూసినప్పుడు జుట్టు నిండా ఏవో తెల్లటి నలకలు కనిపించాయి. మొదట స్కానర్ అద్దం మీద దుమ్ము అనుకున్నాను. తుడిచి మళ్ళీ స్కాన్ చేసినా పోలేదు. అప్పుడు గానీ తట్టలేదు, అది షెడ్డులో ఎగిరే దారపు పీచు. తలస్నానం చేసి వచ్చినా వదలలేదు. ఒక్కొక్క నలకా ఏరి తీసేశాను. ఇంటికి వెళ్ళి వదిన తల చూడబోతే కొంగు, కొంగు కింద ముడి.

మోడల్ మీద ఆ జుట్టును పెట్టి, నుదుటి దగ్గర అతుకు కనపడకుండా కలిపేసరికి శేఠ్ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు. చీరతో పెట్టే చిన్న ఫోటో ఒక్కటే వేస్తే పాపమన్నాడు. కొత్త ఏడాది క్యాలెండర్ కూడా అదే బొమ్మతో వేయించి, మార్కెట్‌లో తెలిసిన వ్యాపారులందరికీ పంచాడు. ఆ సంగతి నేను వదినకు చెప్పాలనుకుంటూనే వాయిదా వేశాను. ఆమె కూడా అడగలేదు. శేఠ్ ఇచ్చిన చీరను మాత్రం మా వాళ్ళ చీటీలో వచ్చిందని చెప్పి కట్టుకుంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అన్న చేతిలో చుట్టిన కాగితంతో లోపలికి వచ్చాడు. వాళ్ళ షెడ్డు యజమానికి ఎవరో క్యాలెండర్లు ఇస్తే ఆయన పనివాళ్ళకు తలా ఒకటి పంచాడట. వదిన పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. అన్న మేకు వెతికి, పొయ్యికి ఎదురు గోడకు దాన్ని తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

అది మా శేఠ్ వేయించిన క్యాలెండరే.

"సూడే అమ్మా! ఎంటికలంటే గిట్లుండాలె. మోకాళ్ళ దాక ఉన్నయ్."

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది. "నిజం ఎంటికలేనారా ఇవి? సవరం పెట్టిండ్రేమో."

"సవరం గట్లుంటదా? ఎట్ల ఎగురుతున్నయో సూడు. షెడ్డుల అందరు గీ పిల్ల గురించే మాట్లాడుతుండ్రు. నేనైతే గిసొంటి ఎంటికలు పుట్టి బుద్ధెరిగినకాంచి సూడలె."

వదిన రొట్టె తిప్పడం ఆపేసింది. గోడ వైపు చూసింది. ముందు ముఖం చూసింది, తెలియని ముఖం. తర్వాత జుట్టు. ఆ తర్వాత నన్ను చూసింది. పెనం మీద రొట్టె మాడి పొగ వస్తున్నా ఆమెకు తెలియలేదు.

అన్న నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు. "ఏందట్ల జూస్తున్నవ్? నీకు గూడ ఉన్నయ్‌గా, ఎలుకతోక లెక్క. దాన్నే గంత ముడేసుకుంటవ్."

ఎగతాళికే అన్నాడు. మా అన్న చెడ్డవాడు కాడు. చేయి చేసుకోవడం కానీ, అరవడం కానీ ఎరగని మనిషి. కానీ సొంత భార్య జుట్టును గోడకు తగిలించి, ఆమెతోనే పోలుస్తున్నాడు. వారం పగలు డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ, మిగిలిన టైములో నిద్ర. ఈ మనిషి ఆమె ముడి విప్పగా ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. నేను నోరు తెరవబోతే వదిన కళ్ళతోనే వద్దంది.

తర్వాత నీళ్ళ పంపు దగ్గర ఆమె చేయి పట్టుకున్నాను. "చెప్తా వదినా. అన్నకు చెప్తేనే బుద్ధి వస్తది."

"వద్దు. చెప్తే నమ్మడు. నమ్మిచ్చేతందుకు నేను ముడి ఇప్పి నిలవడాల్నా?" అని బిందె ఎత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "గామె నెత్తి మీద ఎంత మంచిగున్నయ్ పిల్లా. నావి గాదనిపించింది నాకు గూడ."

ఎండాకాలంలో వదిన పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ అన్న కొడుక్కి వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. అన్నకు సెలవు దొరకలేదు. తిరిగొచ్చే రోజు అన్న, నేను స్టేషన్‌కు వెళ్ళాం. వదిన కొంగు చెవుల మీదికి లాక్కుని దిగింది. ఎండకనుకున్నాం. దారంతా మేనల్లుడి కబుర్లు చెప్పింది. వాళ్ళమ్మ కట్టి ఇచ్చిన పుట్నాల పిండి, మురుకులు ఉన్న సంచి నా ఒళ్ళో పెట్టింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆమె కొంగు తీసేసింది.

నున్నటి గుండు. పసుపు కలిపిన గంధం ఆరిపోయి అక్కడక్కడా అంటుకుని ఉంది.

అమ్మ పెట్టిన కేక విని పక్క గదుల వాళ్ళు బయటికి వచ్చారు. "నా కొడుకు బతికుండంగ ఏం పనే గిది! గిదేందే గిట్ల జేసినవ్!"

"మొక్కు అత్తమ్మా."

"ఏం మొక్కు? మాకెరుక లేని మొక్కేంది?"

"మొక్కిన, చెల్లించిన. దేవునికి ఎరుకైతే చాలదా?" అని వదిన చెంబులో నీళ్ళు తలమీద పోసుకుంది. చల్లదనానికి కళ్ళు మూసుకుంది.

ఆ జుట్టులోని ప్రతి పాయా నాకు తెలుసు. కుడి వైపు కొసల్లో ఎక్కడ చిక్కు ఉందో, మెడ దగ్గర పొట్టిగా వంకీ తిరిగిన వెంట్రుకలు ఎక్కడున్నాయో తెలుసు. గుమ్మంలో నిలబడిన అన్న చేతిలో సంచి ఇంకా అలాగే ఉంది. ఆ పూట అన్నం కలిపి తినకుండా లేచాడు.

మర్నాడు పొద్దున నేను బస్సుకు వెళ్తుంటే అన్న కూడా రోడ్డు దాకా వచ్చాడు. "ఆమె నాతోని మాట్లాడతలేదు. నీకేమన్న చెప్పిందా?" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. స్టూడియో, ఫ్యాను, నీలం పొర, నలకలు, శేఠ్ ఇచ్చిన చీర, అన్నీ చెప్పాను. అన్నకు మొదట అర్థం కాలేదు. ఒకరి జుట్టు ఇంకొకరికి ఎట్లా వస్తుందన్నాడు. కంప్యూటర్లో వస్తుందన్నాను.

"అంటే... గోడ మీదియి..."

"వదినవే."

అన్న రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుండిపోయాడు. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. షెడ్డు సైరన్ కూడా మోగింది. అతను లేవలేదు. "నేను ఎలుకతోక అన్న," అని ఒక్కటే మాట, నాతో కాదు, నేల చూసుకుంటూ అన్నాడు. తర్వాత లేచి షెడ్డుకు కాకుండా ఇంటికి నడిచాడు. నేనూ వెనకే పోయాను, ఏమవుతుందోనని భయం.

వదిన డ్యూటీకి బయల్దేరుతూ తలకు గుడ్డ చుట్టుకుంటోంది. అన్న నేరుగా వెళ్ళి క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"నాకెందుకు చెప్పలె?" అన్నాడు. "గంత ఎంటికలున్నయని నాకెందుకు సూపియ్యలె?"

"నేను సూపియ్యాల్నా?" వదిన గొంతు పెంచలేదు. "రోజు నీ పక్కనే ఉన్నయ్. ముడి ఇప్పుమని ఒక్కనాడన్న అన్నవా?"

అన్న క్యాలెండర్ తీయబోయాడు. "ఉండనియ్, తేదీలు జూసుకునేతందుకు పనికొస్తది," అని వదిన టిఫిన్ డబ్బా తీసుకుని అతని పక్క నుంచే బయటికి వెళ్ళిపోయింది. అమ్మకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు. నన్ను అడిగి తెలుసుకున్నాక చాలాసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మొక్కు సంగతి నాకు తర్వాత చెప్పింది వదిన. అలాంటిదేమీ లేదట. మేనల్లుడిని ఒళ్ళో పెట్టుకుని మంగలి ముందు కూర్చుందట. పిల్లవాడి పని అయిపోయి లేవబోతూ, తనకూ తీయమందట. "కత్తి పెట్టంగనే నెత్తి సల్లగైంది. ఎనకకు మర్లి సూడలె. సూస్తే ఏడుస్తుండె గావచ్చు." జుట్టు పోయినందుకు ఏడుపు రాలేదా అని అడిగితే, "రైల్ల వచ్చింది. బాత్రూంల పోయి ఏడ్చిన," అంది మామూలుగా.

శేఠ్ మరుసటి సీజన్‌కు మళ్ళీ ఆ బెన్‌ను తీసుకురమ్మన్నాడు. గుండు చేయించుకుందని చెబితే రెండు చేతులూ తలమీద పెట్టుకుని, "క్యోం? క్యా హో గయా?" అని తన ఇంట్లో మనిషికే ఏదో అయినట్టు అడిగాడు. కాసేపటికి వ్యాపారి బుర్ర తిరిగొచ్చింది. పాత బొమ్మ కంప్యూటర్లో ఉంది కదా, అదే వాడదామన్నాడు. ఆమెను అడగకుండా ముట్టుకోనన్నాను. శేఠ్‌కు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వదినను అడిగాను. చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా నవ్వింది. "ఎంతమందికి పెట్టుకుంటరో పెట్టుకోండ్రి. ఊకెనే గాదు, చీర ఇయ్యుమను." అలా ఆ జుట్టు తర్వాతి ఏళ్ళలో చాలామంది మోడళ్ళ తల మీదికి ఎక్కింది. ఏ చీర ఫోటోలో దాన్ని చూసినా నాకు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టయ్యేది. ఎన్నిసార్లు చేసినా అది అలవాటు కాలేదు.

ఇంట్లో మాత్రం మార్పు మెల్లగా వచ్చింది. మొదటి నెలలో వాళ్ళిద్దరూ పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకున్నారు. తర్వాత ఒక సెలవు రోజు అన్న ఆమె వెనక కూర్చుని, "ఎంత పెరిగినయో సూడనా?" అని అడిగాడు. వదిన తలకు చుట్టిన గుడ్డ తీసి, తల వంచింది. అన్న ముట్టుకోలేదు, వంగి చూశాడంతే. "బియ్యపు గింజంత," అన్నాడు. తర్వాత సెలవుకీ అడిగాడు. అడగడం మరిచిపోతే వదినే వచ్చి అతని ముందు తల వంచి కూర్చునేది. కొత్త జుట్టు మునుపటిలా కాక ఉంగరాలు తిరిగి వస్తోందని ముందుగా కనిపెట్టింది అన్నే. మా అమ్మకైతే అది పెద్ద వింత.

జుట్టు చెవుల కిందికి దిగి, ముడికి అందక, కళ్ళలో పడే రోజుల్లో అన్న ఒకసారి సూరత్ వెళ్ళి క్లిప్పులు కొనుక్కొచ్చాడు. మగవాడు ఒక్కడే ఆడవాళ్ళ సామాను దుకాణంలో నిలబడి ఏం ఏరుకున్నాడో ఏమో, అవి చిన్నపిల్లలు పెట్టుకునే సీతాకోకచిలుకల క్లిప్పులు. ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నాం. వదిన వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎక్కడ విసిరికొడుతుందోనని నేను బిగుసుకుపోయాను.

మర్నాడు రెండు క్లిప్పులూ పెట్టుకుని కండెల మిషన్ దగ్గరికి వెళ్ళింది. పక్కన పనిచేసే ఆడవాళ్ళు ఇవేంది అని అడిగితే, "మా ఆయన దెచ్చిండు" అందట.